తప్పు దొర్లితే ఆపేవాణ్ణి

శాలిబండలో ఒక మేడమీది గదిలో పదేళ్లుగా జర్మన్ నేర్పుతున్నాను. నా పద్ధతి మా గురువుగారిది: ముందు వ్యాకరణం, పట్టికలు బట్టీ పట్టడం, ఆ తర్వాతే మాట. ఎవరి నోటైనా తప్పు దొర్లితే వాక్యం అక్కడే ఆపి దిద్దేవాణ్ణి. పాటలు పాడించి, ఆటలాడించి భాష నేర్పుతామనే వాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ఒక బ్యాచ్‌లో ఒక నర్సమ్మాయి ఉండేది. జర్మనీలో ఆసుపత్రి ఉద్యోగం దాదాపు ఖాయమైంది. మాట్లాడే పరీక్ష ఒక్కటే అడ్డం. రాతలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న పిల్ల, అక్కడ అసలు నోరే విప్పలేదట. ఫెయిలైంది. ఆసుపత్రి వాళ్లు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. "గట్టిగా చదువు" అని నేను మరో నాలుగు పట్టికలు చేతిలో పెట్టాను. అంతకన్నా ఏం చెయ్యాలో నాకూ తెలియలేదు.

ఒక ఆదివారం నా భార్యతో చార్మినార్ దగ్గర గాజులకు వెళ్తే, వాళ్లమ్మ గాజుల దుకాణంలో కూర్చుని ఆ నర్సమ్మాయే కనిపించింది. నా భార్య చెయ్యి అందుకుని, "ఎండల వచ్చిన్రు, మంచినీళ్లు తాగుతరా మేడం? పిల్లలేం చదువుతున్నరు?" అంటూ వేళ్లు నొక్కుతూ గాజు ఎక్కించబోయింది. పట్టలేదు. పట్టలేదని అనలేదు, మాట ఆపకుండానే దాన్ని పక్కన పెట్టి పెద్ద సైజు తీసింది. కబుర్లలో ఉండగానే డజను గాజులు చేతికెక్కాయి.

"అన్ని మాటలెందుకమ్మా?" అన్నాను.

"చెయ్యి బిగవడితే గాజు పలుగుతది సార్. మాటల్ల వడితే దానంతటదే వదులైతది."

ఇంటికి వస్తూ దారంతా నా క్లాసే గుర్తొచ్చింది. సిగ్గేసింది.

సోమవారం నుంచి పట్టికలు మూసేసి, ఆమెను తన వార్డు గురించి, వంట గురించి మాట్లాడించాను. తప్పు వస్తే ఆపకుండా, సరైన మాటను నా జవాబులో కలిపి అనేవాణ్ణి. దిద్దకుండా కూర్చోవడం నాకెంత కష్టమైందో ఆ దేవుడికే తెలుసు. మొదట్లో ఆమె ప్రతి వాక్యం మధ్యలో ఆగి నా మొహం చూసేది.

రెండోసారి పాసైంది. మిఠాయి డబ్బాతో వచ్చినప్పుడు, "మొదటిసారి ఏమైంది? ప్రశ్న అర్థం కాలేదా?" అని అడిగాను.

"అర్థమైంది సార్. జవాబు గూడ నోట్లెనే ఉండె. చెప్దామంటే మీ గొంతే వినవడ్డది."

కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. ఈ పదేళ్లలో నోరు విప్పకుండానే నా క్లాసు మానేసిన వాళ్ల మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.