కడుపులో మంట

కడుపు మంటకు తాగే గులాబీ రంగు మందు మూత తీస్తే బాపు గుర్తొస్తాడు. జిన్నారంలో కెమికల్ కంపెనీలో డ్రమ్ములు మోసేవాడు. ఆయన నోరెప్పుడూ ఆ మందు వాసనే వేసేది.

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం మిలిటరీ జెట్ ఒకటి, రెక్కల కింద బాంబుల్లాంటివి మోస్తూ, నిట్టనిలువుగా ఎక్కి, పల్టీ కొట్టి దిగింది.

"గంత లోడుతోని ఎట్లెక్కుతది బాపూ?"

"దాని కడుపుల మంటుంటది బిడ్డా. గదే ఎక్కిస్తది."

బాపుకూ రోజూ కడుపులో మంటే. ఆయనా ఎగురుతాడని సంబరపడ్డాను.

ఆ వానాకాలం అమ్మమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "మీ బాపు పైకి పోయిండు బిడ్డా" అంది. నేను ఏడవలేదు. పల్టీ కొట్టి దిగుతాడని, మెడ నొప్పి పుట్టేదాకా వాకిట్లో నిలబడి ఆకాశం చూశాను.

ఇప్పటికీ విమానం పైకి పోవడం చూడను. దిగిందో లేదో చూస్తాను.