అద్దాల పెట్టెలో ఏడో అంశం

టౌన్‌హాల్ మెట్ల పక్కన గోడకు ఒక అద్దాల పెట్టె ఉండేది. దాని తాళంచెవి ఇరవై తొమ్మిదేళ్లు టౌన్‌హాల్ అటెండరు వెర్నన్ ప్రాక్టర్ నడుముకే వేలాడింది. ఎదురుగా ఉన్న గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ నాది. ప్రతి శుక్రవారం పది గంటలకు అతడు కాగితాలు పట్టుకుని మెట్లు దిగేవాడు. పాతవి తీసి కొత్తవి పెట్టేవాడు. కాగితానికి నాలుగు గుండుసూదులు. ఒక మూల కాస్త వాలినా నాలుగూ పీకి మళ్లీ మొదలుపెట్టేవాడు. నేను పుస్తకంలోంచి తలెత్తి అతడు ముగించేదాకా చూసేవాణ్ణి.

మా హాల్డెన్‌బ్రిజ్‌లో పెద్ద నిర్ణయాలన్నీ కౌన్సిల్ కేబినెట్ చేస్తుంది. లీడర్‌తో కలిపి ఎనిమిది మంది. రాబోయే నిర్ణయమేదో ఇరవై ఎనిమిది రోజుల ముందే ఊరికి తెలియజేయాలి. చేశాక అయిదు రోజులు ఆగాలి. ఆ అయిదు రోజుల్లో అయిదుగురు కౌన్సిలర్లు సంతకాలు పెడితే దాన్ని ఆపి మళ్లీ విచారించాలి. సభకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. నేను మూడుసార్లు వెళ్లాను. ఒకసారైతే పదకొండు నిమిషాల్లో తొమ్మిది అంశాలు అయిపోయాయి. వాదన ఏదైనా ఉంటే అది అంతకు ముందు వారమే, మూసిన గదిలో, బిస్కట్ల పళ్లెం చుట్టూ జరిగిపోయేది. ఆ పళ్లెం పెట్టేదీ వెర్ననే. పెట్టి, తలుపు దగ్గరికి లాగి, బయట నిలబడేవాడు.

పెట్టెలోని కాగితాలను అతడు చదివేవాడు కాదు. చదవడం తన పని కాదనుకున్నాడు. చేపల కొట్టు క్వీనీ అటుగా వెళ్లినప్పుడల్లా అతణ్ణి కదిపేది.

“ఈ వారం ఎవరి కొంప ముంచుతున్నారోయ్, వెర్నన్?”

“నేను చదవను క్వీనీ. వంకర లేకుండా పెడతాను, అంతే.”

“పోస్టుమాన్ కూడా ఉత్తరం మీద ఓ కన్ను వేస్తాడు కదయ్యా.”

“అందుకే నేను పోస్టుమాన్ని కాలేదు.”

అతడికి పెళ్లి కాలేదు. తల్లి పోయాక చెల్లెలు ఆల్మా అతడి దగ్గరే ఉండేది. యాభై రెండేళ్ల మనిషి, ఎనిమిదేళ్ల పిల్ల మనసు. పొద్దున తొమ్మిదింటికి చిన్న బస్సు వచ్చి ఆమెను, అలాంటివాళ్లను పగటిపూట చూసుకునే ఆర్చర్డ్ లేన్ డే సెంటర్‌కు తీసుకుపోయేది. అక్కడ ఆమె టమాటా నారు పోసేది. మే నెలలో వాళ్లు పెట్టే నారు అమ్మకం రోజున మెడలో డబ్బా వేలాడదీసుకుని చిల్లర ఇచ్చేది తనే. ఏడాదంతా ఆ ఒక్క రోజు గురించే మాట్లాడేది.

డిసెంబరులో ఓ బుధవారం బస్సు డ్రైవరు, ఆల్మా ఎక్కి కూర్చున్నాక, కిటికీ దించి వెర్నన్‌తో మార్చి తర్వాత ఈ బండి రాదట అన్నాడు. సెంటరే ఉండదట. నిన్న కేబినెట్‌లో అయిపోయిందట, టౌన్‌హాల్‌లో ఉండే నీకు తెలియదా అని ఆశ్చర్యపోయాడు.

నిన్నటి సభలో మంచినీళ్ల గ్లాసులు పెట్టింది వెర్ననే.

అతడు తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్లాడు. రాబోయే నిర్ణయాల పట్టిక అక్కడే ఉంది, నాలుగు సూదులతో, నిటారుగా. ఆరో అంశం దాకా కనబడుతోంది. దాని కింద బ్యాండు మేళం వాళ్ల క్రిస్మస్ కచేరీ పోస్టరు. స్థలం చాలక పట్టిక కింది సగం మీద దాన్ని కప్పింది తనే. పోస్టరు తీస్తే ఏడోది బయటపడింది: ‘వయోజనుల పగటి సేవల పునర్వ్యవస్థీకరణ’. ఇరవై ఎనిమిది రోజులు కప్పి ఉంచాడు. తన చేత్తో.

ప్రతిపక్ష కౌన్సిలర్ మిసెస్ ఆలెరెన్‌షాను వెళ్లి కలిశాడు. అప్పటికే నలుగురు సంతకాలు పెట్టారనీ, అయిదోది తనదేననీ ఆమె చెప్పింది. పెడితే విచారణకైతే వస్తుంది గానీ అక్కడ పట్టుకోవడానికి బలమైన లోపం ఒకటి కావాలంది. వెర్నన్ టోపీ చేతుల్లో తిప్పుతూ జరిగింది చెప్పాడు.

“అది కాగితం మీద రాసిస్తావా?” అని ఆమె అడిగింది. “వచ్చే ఏడాది నీ రిటైర్‌మెంట్. నీ మీద ఇంతవరకు ఒక్క మచ్చ లేదు.”

“ఊరికి చెప్పలేదు మేడమ్. చెప్పాల్సినవాణ్ణి నేను. రాసిస్తాను.”

విచారణ ఒక సోమవారం మధ్యాహ్నం జరిగింది. ఆ రోజు ఆల్మాను సెంటర్‌కు పంపలేదు. జనం కూర్చునే వరసలో, నా పక్కన, పిప్పరమెంటు చప్పరిస్తూ కూర్చుంది. వెర్నన్ లేచి తన కాగితం తానే చదివాడు. అంతకుముందు ఆ గదిలో అతడి గొంతు ఎవరూ విని ఉండరు.

న్యాయ విభాగం అధికారిణి మిస్ ట్రాంటర్ మర్యాదగా తల ఊపింది. పట్టిక మొదటి రోజు నుంచీ వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉందనీ, కౌన్సిల్ నిబంధనలు నాలుగేళ్ల కిందటే మారాయనీ, అప్పటి నుంచి లెక్కకు వచ్చేది అదొక్కటేననీ చెప్పింది. పెట్టె కేవలం సౌకర్యం కోసమంది. నిర్ణయంలో లోపం లేదు.

“నాలుగేళ్లా? మరి నాకెవరూ చెప్పలేదే,” అన్నాడు వెర్నన్.

“ప్రకటించాం ప్రాక్టర్ గారూ,” అందామె. “వెబ్‌సైట్‌లో.”

ఎవరో కిసుక్కున నవ్వారు. లీడరు మాత్రం నవ్వలేదు. వెర్నన్ నిజాయతీకి కృతజ్ఞతలు చెప్పి, అవి సభ మినిట్స్‌లో నమోదు చేయమన్నాడు. ఓటుకు చేతులెత్తారు. నిర్ణయం నిలిచింది.

ఆ శుక్రవారం వెర్నన్ మెట్లు దిగి నిర్ణయపు కాగితం పెట్టాడు. అలవాటు కొద్దీ ఒకసారి పీకి, సరిచేశాడు. ఫిబ్రవరిలో ఒక అధికారి ఒంటి సంతకంతో రెండు పంక్తుల ఉత్తర్వు ఇచ్చాడు. గోడపెట్టె నమ్మదగిన సాధనం కాదని ఇటీవల రుజువైనందున తొలగించాలి. రుజువు వెర్నన్ కాగితమే. మరలు విప్పింది అతడే. చెత్తలో పడేయమంటే పడేయకుండా ఇంటికి మోసుకుపోయి, పెరట్లో వెల్లకిలా పడుకోబెట్టి, అడుగున మట్టి నింపాడు. ఆల్మా దాంట్లో టమాటా గింజలు చల్లింది. అద్దం కింద నారు బాగానే వచ్చింది.

మే నెలలో నేను వాళ్ల వీధిలోకి నడకకు వెళ్లేవాణ్ణి. తొమ్మిదింటికి ఆమె కోటు తొడుక్కుని, నారు పళ్లెం రెండు చేతులా పట్టుకుని, మెడలో డబ్బాతో పేవ్‌మెంటు మీద నిలబడి ఉండేది. కాసేపటికి వెర్నన్ బయటికి వచ్చేవాడు.

“ఇవాళేనా, వెర్న్?”

“కాదు ఆల్మా. బస్సు రాదు. సెంటర్ మూసేశారు.”

“నాకెవరూ చెప్పలేదే.”

అతడు పళ్లెం అందుకునేవాడు. నిన్న కూడా చెప్పాడు. రేపు కూడా చెబుతాడు.