సముద్రానికి మూడో ప్రమాద హెచ్చరిక

ఆ రోజుల్లో నాకు రాని లెక్క లేదు. అంటే, వచ్చో రాదో అడిగే మొనగాడు మా వీధిలో లేడు. భద్రాచలంలో గోదారికి కూతవేటు దూరంలో పుట్టి, పదో తరగతితో బడికి దండం పెట్టి, మేస్త్రీల వెంట తిరిగి, ఏ గోడకు ఎంత ఇటుక పడుతుందో కంటిచూపుతో చెప్పడం నేర్చుకున్నాను. చదువున్నవాడి లెక్క తప్పితే కాగితం కాపాడుతుంది. లేనివాడికి నోరే దిక్కు. ఆ నోరు నాకు దండిగా ఉండేది.

పెళ్లయిన కొత్తలో, బొగ్గుబావిలో పనిచేసే మా మామ రిటైరయ్యే ముందు, కంపెనీ ఇచ్చిన టూరు మీద మమ్మల్ని పడమటి సముద్రంలోని ఒక దీవికి తీసుకుపోయాడు. మామ, అత్తమ్మ, నేను, మా ఆవిడ, ఇంకా మా తోడల్లుడు, ఆయన భార్య. తోడల్లుడు ఇంజినీరింగ్ డిప్లొమా చదివినవాడు (ఈ సంగతి ఆయనే మూడు మాటలకోసారి గుర్తుచేస్తాడు, నేను మళ్లీ చెప్పనక్కర్లేదు). ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో మామ అప్పటికే జాగా కొన్నాడు. ఇల్లు కట్టించే పని ఏ అల్లుడి చేతిలో పెట్టాలో ఈ టూరులోనే తేల్చుకుంటానని రైలెక్కగానే ప్రకటించాడు. ఇక మేమిద్దరం సముద్రం ఎందుకు చూస్తాం? మామ మొహమే చూశాం.

హోటల్ ఎంపిక తోడల్లుడిది. చరిత్ర గల హోటలట. ఎప్పుడో ఒక పరదేశీ దొర నీళ్ల ఒడ్డునే కట్టుకున్న బంగళా. లిఫ్టు లేదు, టీవీ లేదు. గోడల సున్నం పొరలుగా ఊడిపోతుంటే దాన్ని దాచాల్సిందిపోయి లైటు పెట్టి చూపిస్తున్నారు. మా దగ్గర అలాంటి ఇంటికి నోటీసు అంటించి మనుషుల్ని బయటికి పంపుతారు. అక్కడ పూలదండ వేసి లోపలికి పిలిచారు. అత్తమ్మ మంచం మీద కూర్చుని, అది చేసిన చప్పుడుకు లేచి నిలబడింది.

“గింత దూరమొచ్చి గీ పాత కొంపల పండాల్నా? మన క్వార్టరే నయం గదా.”

“అత్తమ్మా, దీన్ని హెరిటేజ్ అంటరు,” అన్నాడు తోడల్లుడు.

“ఏమన్న అను బిడ్డా. పెచ్చులైతే అన్నంల పడుతున్నయ్.”

భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. నేను వెనకవైపు, నీళ్లలోకి దిగే రాతి మెట్ల మీద కూర్చున్నాను. వరదలు చూసి పెరిగినవాడికి నీళ్లు కనబడితే చెయ్యి ఊరుకోదు. నీటి అంచున గుర్తు పెట్టి, కాసేపాగి మళ్లీ చూడాల్సిందే. జేబులో ఉన్న సుద్దముక్క తీసి గోడ మీద గీత గీశాను. టీ తాగి వచ్చేసరికి అది మునిగింది. ఇంకోటి గీశాను, అదీ మునిగింది. వాన లేదు, మబ్బు లేదు. పైన ఎక్కడో గట్టిగా పడి ఉంటుందనుకున్నాను (సముద్రానికి ‘పైన’ ఎక్కడుంటుందని నన్ను నేను అడగలేదు). గంటకు జానెడు చొప్పున పెరిగితే దీపాలు పెట్టే వేళకు హాల్లో మోకాలి లోతు. గోదారి పెరగడం మొదలుపెడితే రోజుల తరబడి పెరుగుతుంది. కనుక నా లెక్కలో తగ్గడం అనేదానికి చోటు లేదు.

వెళ్లి తలుపు కొట్టాను. “మామా, లేవుండ్రి. మొదటి ప్రమాద హెచ్చరిక దాటింది.”

“ఏంది అల్లుడా, ఏం దాటింది?”

“నీళ్లు. రెండోది గూడ దాటుతది. జల్దీ సామాను పైకెక్కియ్యాలె.”

బావిలోకి నీళ్లు చొరబడితే ఏమవుతుందో తెలిసిన మనిషి మామ. మారు మాట లేకుండా లేచాడు. తోడల్లుడు కూడా, డిప్లొమాతో సహా, పరుగున మెట్లెక్కాడు. మా సామానయ్యాక హోటల్ సామాను పట్టాం. తివాచీలు, చెక్కుడు కుర్చీలు, ఇత్తడి దీపాలు అన్నీ డాబా మీదికి. అత్తమ్మ తిన్నగా వంటింట్లోకి పోయి బియ్యం మూట లాక్కొచ్చింది. మేనేజరు పరుగెత్తుకొచ్చి, ఇది రోజూ వచ్చేదే, రోజూ పోయేదేనని హిందీలో మొత్తుకున్నాడు. నేను జాలిగా నవ్వాను. ప్రతి వరదలోనూ ‘ఇసొంటియి మస్తు జూసిన’ అనే పెద్దమనిషి ఒకడుంటాడు. చివరికి అతణ్నే పడవలో ఎక్కించుకు రావాల్సి వస్తుంది. “గాబరా పడకు భయ్యా, నిన్ను గూడ తీస్కపోతం,” అని దొరగారి పటం అతని చేతిలో పెట్టాను.

పొద్దు వాలింది. డాబా మీద దొర కుర్చీల్లో కూర్చుని అందరం ప్రళయం కోసం ఎదురుచూశాం. నీళ్లు పైమెట్టు కిందిదాకా వచ్చి ఆగాయి. ఆగి, ఏమీ ఎరగనట్టు వెనక్కి నడిచాయి. నా గీతలు ఒక్కొక్కటే మళ్లీ తేలాయి.

“ఆటుపోట్లంటరు తమ్మీ దీన్ని. చిన్న క్లాసు పాఠం,” అన్నాడు తోడల్లుడు.

“మరి నువ్వెందుకెక్కినవన్నా?”

“నీకు తోడుంటదని.”

మా ఆవిడ కొంగుతో చెమట తుడుచుకుంటూ, “ఇగో, సముద్రానికి డ్యూటీ అయిపోయినట్టేనా? ఇంటికి పొమ్మంటవా?” అంది.

సామానంతా మళ్లీ కిందికి మేమే మోశాం. ఇల్లు పోయినట్టేనని తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఎవరూ అడగకుండానే మామ గొంతు సవరించుకున్నాడు. “ఇల్లు చిన్నల్లుడే కట్టిస్తడు.”

“గట్ల తప్పు లెక్క జేసినంక గూడనా మామా?” తోడల్లుడి గొంతులో పల్లీ అడ్డం పడింది.

“అవ్, తప్పే జేసిండు. బావిల బతికినోణ్ని నేను. నీళ్లు రావులే అని కూసోబెట్టేటోని కన్న, వస్తున్నయని ఉత్తగనే ఉరికిచ్చేటోడు నయం.”

అంతటి నమ్మకాన్ని నేను వమ్ము చేస్తానా? చుట్టుపక్కల ఏరూ లేదు, చెరువూ లేదు, అయినా ఆ ఇంటికి గోదారి మూడో హెచ్చరిక వచ్చినా తడవనంత ఎత్తున పునాది లేపాను. ఇప్పుడు నేను కట్టించే ఇళ్లకు ఎంత కావాలో అంతే పునాది. జాగ్రత్తపరుడినని పేరు కూడా వచ్చింది. దొర పటం పట్టుకుని సముద్రం కన్నా ముందు పరుగెత్తిన ఆ కుర్రవాడి నమ్మకంలో పావువంతు కూడా ఇప్పుడు నా దగ్గర లేదు. మామకు మోకాళ్లు అరిగాయి. నేను వెళ్లినప్పుడల్లా ఆ ఇంటి ఎత్తు మెట్ల మధ్యలో ఆగి, రెయిలింగు పట్టుకుని, రొప్పుతూ కిందికి చూస్తాడు.

“ఏమాయె అల్లుడా, సముద్రం ఇంకా రాకపాయె?”

“తొవ్వల ఉంది మామా,” అంటూ చెయ్యి అందిస్తాను.