వేలి చుక్కకు సిరిసిల్ల ముద్ర

సమ్మెతో బస్సులు ఆగిపోయి మూడు వారాలైంది. తెలంగాణ వచ్చేదాకా ఆగినా నాకు కోపం లేదు, ధర్నాలో నేనూ కూర్చున్నవాణ్నే. నా కోపమంతా ఒక రబ్బరు ముద్ర మీద.

అక్క ఇచ్చిన కిడ్నీ నిలవాలంటే దాన్ని కాపాడే మందు ఒంట్లో ఎంతుందో నెలనెలా చూడాలి. అందుకు పొద్దున తొమ్మిది గంటల గోలి వేసుకోకముందే రక్తమివ్వాలి. హైదరాబాదు ఆసుపత్రివాళ్లు ఈసారి ఒక కార్డు ఇచ్చారు. వేలు పొడిచి రెండు చుక్కలు అద్ది, ఆరబెట్టి, పోస్టులో పంపితే చాలు, రోజులు పట్టినా చెడదు. ఇంట్లోనే అయ్యే పని. కానీ ల్యాబు ముద్ర లేనిదే చెల్లదట.

ఐదున్నరకు కోరుట్లలో షేర్ ఆటో ఎక్కాను. యాభై రూపాయలు. జగిత్యాలలో ల్యాబు ఏడింటికి తెరిచారు. టెక్నీషియన్ "పరగడుపునే వచ్చినవా?" అన్నాడే గానీ గోలి సంగతి అడగలేదు. కార్డు చూసి, "గిదంతా మాకు తెల్వది సార్. నరంల నుంచే తీస్త" అన్నాడు. కుడిచేతికి మూడు పోట్లు పొడిచి, నరం దొరక్క ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. అది డయాలసిస్ కోసం నరాలు కలిపి కుట్టిన చెయ్యి, సూది తగలకూడదు. లాక్కున్నాను. నాలుగో పోటుకు ట్యూబు నిండింది. అప్పుడు చల్లగా చెప్పాడు, "బండ్లు బంద్ గద సార్, ఇయ్యాల హైదరాబాద్ పోదు. ఖరాబైతది."

ముందే చెబితే నోటి ముత్యాలు రాలతాయా? పోనీ కార్డు మీద ముద్రైనా వెయ్యమంటే, తమ చేత్తో తీసిన రక్తం కాకపోతే వెయ్యరట.

సిరిసిల్లలో రెహానా అనే ల్యాబు ఆమెకు ఈ కార్డు తెలుసని తోటి పేషెంటు ఒకరు చెప్పి ఉన్నారు. అటే బయల్దేరాను. కొడిమ్యాల దగ్గర ఉద్యమంవాళ్లు రోడ్డుకు బండరాళ్లు అడ్డం పెట్టి, అక్కడే వంటావార్పు చేస్తున్నారు. తొమ్మిది దాటింది. గోలి వేసుకుంటే పరీక్ష పాడు, వేసుకోకుంటే కిడ్నీకి గండం. ఫైలు చూపించాను. పొయ్యి దగ్గరి పెద్దాయన "జల్ది పో తమ్మీ" అని బండరాళ్లు జరిపించాడు. ఆ ఇంగితం ముద్ర అడిగినవాళ్లకు లేదు.

వేములవాడలో ఆటో మారి పదకొండుకు సిరిసిల్ల చేరాను. రెహానా మొదటి మాటే, "గోలి ఏసుకోలే గదా భాయ్?" వేలికి చిన్న పోటు, రెండు చుక్కలు, టైము, ముద్ర. తర్వాత నీళ్లిచ్చి గోలి మింగించింది. "దీనికి నేనెందుకు? ఈ చుక్కలు మీరే పెట్టుకోవచ్చు" అంది. కార్డు ఆరాక పోస్టులో వేశాను.

కార్డు ఉన్నవాళ్లు ఇల్లు కదలకముందే ముద్ర ఎందుకని ఆసుపత్రివాళ్లను గట్టిగా అడగండి. నేను అడగలేదు.

రుద్రంగి మీదుగా తిరిగి వస్తుంటే అక్క ఫోన్ చేసింది. అంతా విని, "నీకు అడుగుడు రాదురా. గా కిడ్నీ నాది. అచ్చే నెల నేనే పోయి అడుగుత" అంది.