గోడ అవతలి పంపు

ఆవిడను ఆఫీసులో అందరూ అక్కా అంటారు, వయసులో పెద్దవాడైన మేనేజరుతో సహా. ఎక్కడో దూరాన ఒక ఊరికి నీళ్లెక్కించే పంపుల ప్రోగ్రామును చూసుకోవడం ఆవిడ ఉద్యోగం. ఆ ఊరినీ చూడలేదు, ఆ పంపులనూ చూడలేదు. కుర్చీలో కూర్చుని మీటలు నొక్కడమూ ఒక పనేనా అని అత్తగారు మూతి విరుస్తుంది. పాపం, అక్కకూ లోలోపల అదే అనుమానం.

ఎప్పుడూ ఇంటి నుంచే పనిచేసే ఆవిడ ఆ ఉదయం చాన్నాళ్లకు ఆఫీసులో అడుగుపెట్టీ పెట్టగానే ఫోను మోగింది. అవతల పంపుల ఆపరేటరు.

"అమ్మా, పిడుగు పడి చేత్తో నొక్కే బోర్డు మాడిపోయింది. కంప్యూటరు తెరా పోయింది. లోపల కంప్యూటరు మాత్రం నడుస్తూనే ఉంది. ఆసుపత్రి ట్యాంకు అడుగంటుతోంది, నువ్వే అక్కణ్నుంచి నడపాలి."

"కంగారు పడకు బాబాయ్, చూస్తా."

చూస్తే ఏముంది? రోజూ ఇంటి నుంచి వీపీఎన్ అనే సొరంగదారి పెట్టుకుని నేరుగా ఆ ఊరి నెట్‌వర్కులోకి వెళ్లేది. ఆఫీసులో బయటికి పోయే దారులన్నీ మూసే ఫైర్‌వాల్ గోడ అడ్డం పడింది. దాన్ని కాసే పెద్దమనిషికి తాళాలాయన అని పేరు. కాదనడంలో ఆయన్ని మించినవాడు పుట్టలేదు.

"కుదరదక్కా. ఒకరికి తెరిస్తే అందరూ లైను కడతారు."

"ఆసుపత్రిలో నీళ్లు అయిపోతున్నాయండీ."

ఆయన కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. ఆ ఒక్క ఊరికి, ఆవిడ ఒక్క లాప్‌టాప్‌కి దారి తెరిచాడు. వీపీఎన్ కలిసింది. అక్క ఊపిరి పీల్చుకుని, పంపును నడపమని ఆజ్ఞ పంపింది.

గది మూలన ప్రింటరు మూలిగి, ఒక కాగితం కక్కింది. దాని మీద ఒకటే ముక్క: స్టార్ట్ పంప్.

అక్క దాన్ని లాగి తాళాలాయన ముందు పెట్టింది. తాళాలాయన కాగితం చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఇక్కడా అక్కడా ఎవరూ బుర్ర పెట్టలేదు, పెట్టె విప్పినప్పుడున్న నెట్‌వర్కు నంబర్లే ఉంచేశారు. అక్కడి పంపుదీ, ఇక్కడి ప్రింటరుదీ ఒకటే నంబరు. రెండు వీధుల్లో ఒకే ఇంటి నంబరుంటే ఉత్తరం దగ్గరి ఇంటికే పోతుంది కదా.

"అమ్మా, ఆసుపత్రి వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు" అంటున్నాడు ఆపరేటరు.

తాళాలాయన ఆవిడ లాప్‌టాప్‌ను వేరే నంబర్ల వరుసలోకి మార్చాడు. అక్క మళ్లీ పంపింది. ఈసారి ప్రింటరు కిక్కురుమనలేదు. ఫోన్లోనూ చప్పుడు లేదు.

అప్పుడు వినిపించింది. ముందు పంపు గుర్రు, తర్వాత దగ్గు, ఆ వెనకాలే గొట్టాన్ని దడదడలాడిస్తూ నీళ్లు. ఆపరేటరు ఫోనును గొట్టానికి ఆనించినట్టున్నాడు. ఇక్కడ తన వేలు తగిలితే కొండలకూ నదులకూ అవతల ఇంత నీరు లేస్తుందని అక్కకు ఇన్నేళ్లూ తెలుసు. తెలియడం వేరు, వినడం వేరు.

"వస్తున్నాయమ్మా" అన్నాడు ఆపరేటరు. "ట్యాంకులో పడుతున్నాయి."

అక్క ఫోను తాళాలాయన చేతికిచ్చింది. ఉద్యోగమంతా అడ్డుకోవడమే పనిగా బతికిన మనిషి. తను వదిలిన దారిన ఏం పోయిందో ఎన్నడూ వినలేదు. కళ్లు మూసుకుని, ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"పెట్టేయమంటారా?" అడిగాడు అవతలివాడు.

"వద్దు బాబూ" అన్నాడు తాళాలాయన. "ఇంకాసేపు అక్కడే పట్టుకో."