గ్లౌజు వేలు

మా అక్క చేసే ఉద్యోగమేమిటో అమ్మకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే, పెద్ద కంప్యూటర్ని తెచ్చి చిన్న ఫోన్లో కుక్కుతుందని చెబుతుంది. మరీ తప్పేం కాదు. అక్క పనిచేసే గోదాములో లెక్కల ప్రోగ్రాం అంతా మేడమీది సర్వర్‌లోనే నడుస్తుంది. పనివాళ్ల చేతుల్లో ఉండే చిన్న మిషన్లు వైర్‌లెస్ సిగ్నల్‌తో దాని బొమ్మను మాత్రం చూపిస్తాయి. ఆ బొమ్మ అందరికీ అందేట్టు చూడడం అక్క పని. అక్కకు ఓపిక తక్కువ, పొగరు కాస్త ఎక్కువ. తన పనికి ఎవరైనా వంక పెడితే ఆ పూట ఇంట్లో మాతో మాట్లాడదు.

అక్కడ వెన్న నిల్వచేసే చల్లగదిలో పనిచేసే పెద్దావిడను అందరూ పిన్ని అంటారు. వెన్నపెట్టె తీసినప్పుడల్లా ఆవిడ తెరమీద ఒకసారి నొక్కాలి. సరుకు తగ్గితే ప్రోగ్రామే కొత్తది తెప్పిస్తుంది. మిషన్లు వచ్చిన నెలకే గోదాము ముందు వెన్న లారీలు బారులు తీరాయి. పిన్ని తీసిన పెట్టెలు కొన్నే, నొక్కినట్టు నమోదైనవి వందలు. ఎంత నొక్కినా తెర కదలడంలేదని ఆవిడ మొత్తుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మేనేజరు నవ్వి, వారంలోగా నేర్చుకోకపోతే ఇంటికి పంపేస్తానన్నాడు. పిన్ని ఇంట్లో సంపాదించే మనిషి ఇంకెవరూ లేరు.

అక్క కూడా ఆవిడదే తప్పనుకుంది. తన బల్ల దగ్గర మిషను చక్కగా పనిచేస్తోంది మరి. సరే, తనే నేర్పుదామని కోటు తొడుక్కుని పిన్ని వెంట లోపలికి వెళ్లింది. మందపాటి ఇనుప తలుపు మూసుకోగానే సిగ్నల్ పోయింది. తెర మాత్రం పాత బొమ్మనే పట్టుకుని, ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉంది. పిన్ని నొక్కింది. కదల్లేదు. ఇంకా గట్టిగా, మళ్లీ మళ్లీ నొక్కింది. పెట్టెతో బయటికి రాగానే, నొక్కినవన్నీ ఒక్కసారిగా సర్వర్‌కు చేరిపోయాయి.

పిన్ని కుడిచేతి గ్లౌజుకు చూపుడువేలు కత్తిరించి ఉండడం అక్క అప్పుడు చూసింది. చలికి ఆ వేలు వాచి నల్లబడింది.

"ఇదేంటి పిన్నీ?"

"గ్లౌజుతో నొక్కితే దానికి తెలీడంలేదమ్మా. అయినా నా వేలే మొద్దుదేమో. ఇంటి దగ్గర గోడమీద నొక్కి నేర్చుకుంటున్నాలే."

అక్క కోటు విప్పకుండానే మేనేజరు గదికి వెళ్లింది.

"మద్దెలే ఓడు సార్. చేసింది నేను. సిగ్నల్ పోయిందని తెరమీద చూపించకుండా ఆవిణ్ణి నెల్రోజులు చలిలో నొక్కించాను."

వెన్న లారీల నేరమంతా అక్క నెత్తిన పడింది. తిట్లు తిని వచ్చి, ఆ పూట అలవాటు ప్రకారం మాతో మాట్లాడలేదు. అంత పొగరుబోతు మనిషి ఆ మాట ఎలా అనగలిగిందో గానీ, తర్వాత సంగతి తెలిశాక నాకు అక్కను చూస్తే ఎంతో గర్వంగా అనిపించింది.

ఇప్పుడు సిగ్నల్ పోతే తెర నల్లబడుతుంది. పెట్టెలు బయటికి తెచ్చాక గ్లౌజు తీసి నొక్కితే చాలు. మొదటిరోజు ఎలా నడుస్తోందో చూద్దామని అక్క వెళ్లేసరికి పిన్ని తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కత్తిరించిన గ్లౌజు వేలును తిరిగి కుట్టుకుందామని చూస్తోంది. వాచిన వేలితో సూదిలోకి దారం ఎక్కడంలేదు.

అక్క పక్కన కూర్చుని సూది అందుకుంది.