వెనక గదిలో ఎవరు పడుకుంటారు?

2023 చలికాలం. మా కాలేజీ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ప్లాంటు ప్రాంతంలో, రిసాలి దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్లో ఇంటింటికీ తిరిగి రేడాన్ డిటెక్టర్లు పెట్టే పని పడింది. రేడాన్ అంటే నేలలోంచి, రాళ్లలోంచి వచ్చే వాయువు. రంగూ వాసనా ఉండవు. గచ్చు పగుళ్లలోంచి ఇంట్లోకి చేరి, గాలి ఆడని గదిలో పోగవుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు. డిటెక్టర్ ఒక చిన్న డబ్బా. లోపలి ప్లాస్టిక్ ముక్క మీద రేడాన్ వల్ల పడిన గీతల్ని ల్యాబ్‌లో లెక్కపెడతాం. కాకపోతే అది నెలల తరబడి గదిలో వేలాడాలి. కాలు నిలవని నాకు అన్నాళ్లు ఎదురుచూడటం కంటే శిక్ష లేదు.

అప్పలనరసమ్మగారిది విజయనగరం వైపు. భర్త ప్లాంటులో రిటైరయ్యాక ఆ ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయాక ఒక్కరే ఉంటున్నారు. హాల్లో ఒక డబ్బా, వెనక గదిలో ఒకటి వేలాడదీశాను.

రిజల్టు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. తలుపు ఎప్పుడూ తీసుండే హాల్లో ఫరవాలేదు. వెనక గదిలో మాత్రం ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. ఆ మాట చెబుదామని వెళ్తే, అదే గదిలో పురిటికొచ్చిన ఆవిడ కూతురు సునీత, పసిబిడ్డతో. కిటికీ బిగించి, వెంటిలేటర్‌లో పాత చీర కుక్కి ఉంది.

"కిటికీ తీయించండమ్మా" అన్నాను పెద్దావిడతో.

"బాలింతకి గాలి తగలకూడదు. నీకు తెల్దేటి? వాసన నేదు, పొగ నేదు. మరేటని నమ్మమంటావు?"

"దీదీ, అమ్మకి మీరే సమ్‌ఝాయించండి. నేను చెప్తే సున్‌తీ నహీ, వినదు" అంది సునీత.

నాలుగు రోజుల్లో ఏమీ కాదని, బిడ్డ ఈ గదిలోనే పెరిగితేనే భయమని, కిటికీ తీయకపోతే హాల్లోకి మారమని, నా వంతు చెప్పి వచ్చేశాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ కుక్కిన చీరే కళ్లలో మెదిలింది. ఎవరూ పిలవకుండానే ఆ వారంలోనే మళ్లీ వెళ్లాను.

తల్లీబిడ్డా హాల్లో ఉన్నారు, దుప్పటి అడ్డం కట్టుకుని. నా ప్రాణం లేచొచ్చింది. పెద్దావిడ నవ్వుతూ టీ పట్టుకొచ్చారు. వెనక గదిలోకి తొంగిచూశాను. కిటికీ అలాగే బిగించి ఉంది. మంచం మీద ఆవిడ దుప్పటి, కళ్లజోడు.

"మీరిక్కడ పడుకుంటున్నారా?"

"హాల్లో జాగా ఏదీ? నాకేటవుద్దమ్మా, అయిపోయిన మనిషిని."

ఒళ్లు మండిపోయింది. స్టూలెక్కి వెంటిలేటర్‌లోంచి చీర లాగేశాను. ఆవిడ కిందనుంచి ఒకటే కేకలు. హాల్లోంచి సునీత ఏడుపుగొంతుతో అరిచింది: "తీయనీ అమ్మా! నువ్వు బాగుండొద్దా?" దాంతో ఆవిడ కేకలు మాని, తనే వెళ్లి కిటికీ గడియ తీశారు.

తర్వాత మేస్త్రీని పిలిపించి గోడవార పగుళ్లు సిమెంటుతో పూడ్పించారు. కిటికీ తెరిచే ఉంచి మళ్లీ డబ్బా పెడితే రీడింగ్ బాగా దిగింది.

అంతకుముందు నేను రిజల్టు చెప్పి, చేయాల్సింది చెప్పి, బండి తీసేదాన్ని. ఇప్పుడు గడప దాటేముందు ఒక ప్రశ్న అడుగుతాను: "మరి ఇకనుంచి ఆ గదిలో ఎవరు పడుకుంటారు?" చాలా ఇళ్లలో అందరూ ఆ ఇంటి ముసలమ్మ వైపు చూస్తారు. నేను హెల్మెట్ తీసి పక్కనపెట్టి, మళ్లీ కూర్చుంటాను.